కొత్త రూటర్ వచ్చాక పాత ప్రింటర్ మొరాయిస్తే

ఫైబర్ కనెక్షన్ మారింది. పాత డబ్బా తీసేసి కొత్తది గోడకు బిగించి వెళ్లారు. ఫోన్లలో నెట్ పరుగెడుతోంది. మూలనున్న లేజర్ ప్రింటర్ మీద మాత్రం నీలం లైటు మిణుకుమంటూనే ఉంది, ఎంతకీ నిలవదు. పదేళ్లు దాటిన లాప్‌టాప్‌కు ఇంట్లో వైఫై పేరే కనబడటం లేదు. స్మార్ట్ ప్లగ్ యాప్‌లో ఆఫ్‌లైన్ అని చూపిస్తోంది. పాతబడ్డాయి, కొత్తవి కొందాం అనుకునే ముందు ఒక్క గంట కేటాయించండి. వీటిలో ఎక్కువ శాతం శుభ్రంగా పనిచేసే వస్తువులే. రూటర్ మాట్లాడే పద్ధతి మారింది, వాటికి ఆ పద్ధతి రాదు, అంతే తేడా.

అన్నిటికన్నా తేలిక దారి ముందు చెబుతాం. కొత్త రూటర్‌కు పాత రూటర్ పేరునూ పాస్‌వర్డ్‌నూ అక్షరం పొల్లుపోకుండా పెట్టండి. పెద్ద, చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, మధ్యలో ఖాళీ, చివర అంకె, అన్నీ అలాగే ఉండాలి. సెక్యూరిటీ, అంటే వైఫై తాళం రకం, కూడా పాతదానిలాగే డబ్ల్యూపీఏ2 అయితే, సగం వస్తువులు వాటంతటవే వచ్చి కలుస్తాయి. ప్లగ్గులు, కెమెరాలు పది ఉన్న ఇంట్లో ఒక్కోదాన్నీ మళ్లీ సెటప్ చేసే బాధ దీంతో తప్పుతుంది.

అలా కుదరకపోతే అసలు లెక్క తెలియాలి. వైఫై ప్రమాణాల్లో 802.11బీ అన్నది 1999లో వచ్చింది, గరిష్ఠ వేగం సెకనుకు 11 మెగాబిట్లు. 2003లో వచ్చిన జీ 54 దాకా వెళ్లింది. 2009లో ఎన్ వచ్చింది. బీ, జీ రెండూ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండ్ మీదే నడుస్తాయి. ఎన్ 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండు బ్యాండ్లలోనూ నడవగలదు కానీ, చవక వస్తువుల్లో 2.4 ఒక్కటే పెట్టారు. ఇక తాళం సంగతి. మొదట వచ్చిన వెప్ తాళం 2001లోనే విరిగిపోయింది. 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. 2006 మార్చి నుంచి వైఫై ముద్ర కావాలంటే డబ్ల్యూపీఏ2 ఉండి తీరాలన్న నిబంధన వచ్చింది. అంటే 2007 తర్వాత కొన్న వస్తువుకు సాధారణంగా కావలసినవి నాలుగే: 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్, డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ (ఎన్‌క్రిప్షన్ పద్ధతి పేరు) తాళం, 20 మెగాహెర్ట్జ్ ఛానల్ వెడల్పు, 1, 6, 11లో ఒక ఛానల్. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

రూటర్ మీద చెయ్యి వేయకముందే ఒక చిన్న పరీక్ష చేయండి. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి బ్యాండ్ 2.4కు, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2కు మార్చండి. ఐఫోన్ 12, ఆ తర్వాతి మోడళ్లలో అయితే పర్సనల్ హాట్‌స్పాట్ కింద ఉండే ‘మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ’ ఆన్ చేస్తే 2.4కు మారుతుంది. హాట్‌స్పాట్‌కు పేరు చిన్నగా, ఖాళీలు లేకుండా ఇంగ్లిష్‌లో పెట్టి, పాత వస్తువును దానికి కలపండి. కలిస్తే వస్తువులో లోపం లేదు, రూటర్ సెట్టింగ్ మారిస్తే చాలు. హాట్‌స్పాట్‌కు కూడా కలవకపోతే వస్తువు వైపు చూడాలి. ఈ రెండు నిమిషాల పరీక్ష చేయకుండా రూటర్‌లో అన్నీ మార్చేస్తూ పోతే చివరికి ఏది ఎందుకు పనిచేసిందో తెలియదు.

పేరే కనబడకపోతే

రూటర్ పేజీలోకి వెళ్లాలంటే బ్రౌజర్‌లో దాని అడ్రస్ కొట్టాలి. జియోఫైబర్ డబ్బాకు 192.168.29.1. మిగతావాటిలో ఎక్కువగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది. సాధారణంగా డబ్బా అడుగున అంటించిన స్టిక్కర్ మీద అడ్రస్, యూజర్ పేరు, పాస్‌వర్డ్ మూడూ రాసి ఉంటాయి. ఆ స్టిక్కర్‌ను ఒకసారి ఫోటో తీసి ఉంచుకోండి, గోడకు బిగించాక మళ్లీ చదవడం కష్టం.

కొత్త రూటర్లలో 2.4, 5 రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టి, ఏ ఫోన్‌ను దేనికి కలపాలో రూటరే నిర్ణయించే ఏర్పాటు ఉంటుంది. స్మార్ట్ కనెక్ట్, బ్యాండ్ స్టీరింగ్ అన్న పేర్లతో కనిపిస్తుంది. కొత్త ఫోన్లకు ఇది హాయి. పాతవాటికి ఇదే తిప్పలు. 2.4లో కలవబోయిన వస్తువును రూటర్ 5 వైపు తోయాలని మొదటి ఒకటి రెండు ప్రయత్నాలకు బదులివ్వదు, పాత వస్తువేమో అక్కడితో చేతులెత్తేస్తుంది. స్మార్ట్ కనెక్ట్ ఆపేసి, రెండు బ్యాండ్లకు వేర్వేరు పేర్లు పెట్టండి. ఉదాహరణకు 5కు ‘ఇల్లు5’, 2.4కు ‘ఇల్లు24’ అని, ఇంగ్లిష్ అక్షరాల్లోనే. తెలుగు లిపిలోనో బొమ్మలతోనో పేరు పెడితే పాత ప్రింటర్ తెర మీద చెత్త అక్షరాలు పడతాయి, కొన్నిట్లో అసలు కనబడదు. పేరు దాచిపెట్టే ‘హైడ్’ ఆప్షన్ ఉంటే తీసేయండి. దానివల్ల భద్రత ఏమీ పెరగదు, పాత వస్తువులకు ఇబ్బంది మాత్రం పెరుగుతుంది.

ఆ తర్వాత ఛానల్. మన దేశంలో 2.4 బ్యాండ్‌లో 1 నుంచి 13 దాకా వాడుకోవచ్చు. రూటర్ ‘ఆటో’లో ఉంటే ఒక్కోసారి 12కో 13కో వెళ్లి కూర్చుంటుంది. అమెరికా నుంచి తెచ్చిన లాప్‌టాప్, ప్రింటర్, గేమ్ కన్సోల్ 11 దాకానే వింటాయి. అందుకే నిన్న కనిపించిన పేరు ఇవాళ మాయమవుతుంది, రూటర్ ఆపి ఆన్ చేస్తే మళ్లీ వస్తుంది. అక్కడున్న మనవాళ్లు సూట్‌కేసులో పెట్టి పంపిన వస్తువులున్న ఇంట్లో ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. ఆటో తీసేసి 1, 6, 11లో పక్కింటివాళ్లు తక్కువగా వాడుతున్నదాన్ని పెట్టండి. వెడల్పు 40 కాకుండా 20 మెగాహెర్ట్జ్.

లాప్‌టాప్‌లది ఇంకో ప్రత్యేక సమస్య. వైఫై 6 రూటర్ పంపే సంకేతంలో కొత్తగా చేరిన భాగాలు పాత ఇంటెల్ డ్రైవర్లకు అర్థం కావు. 7260, 7265, 8260 లాంటి కార్డులున్న లాప్‌టాప్‌లు పాత డ్రైవర్‌తో ఉంటే ఆ నెట్‌వర్క్ పేరునే చూపించవు. మొబైల్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలిపి నెట్ ఇచ్చి ఇంటెల్ సైట్ నుంచి కొత్త డ్రైవర్ వేస్తే సరిపోతుంది. డ్రైవర్ దొరకని కార్డు అయితే రూటర్‌లో 2.4 మోడ్‌ను ‘బీ/జీ/ఎన్’కు మార్చి ఏఎక్స్ (అంటే వైఫై 6) తీసేయండి. 5లో ఏఎక్స్ అలాగే ఉంచండి, అక్కడి వేగం ఎక్కడికీ పోదు.

పేరు కనిపించి, పాస్‌వర్డ్ ఒప్పుకోకపోతే

చాలామంది పాస్‌వర్డ్ తప్పు కొట్టామేమో అనుకుని పదిసార్లు కొడతారు. పాత వస్తువు తాళం రకం అర్థంకాక ఆగిపోయినా తెర మీద ‘పాస్‌వర్డ్ తప్పు’ అనే చూపిస్తుంది. రూటర్‌లో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 అని ఉంటే పాతది కలవదు. ‘డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3’ కలగలుపు మోడ్ పెడితే కొన్ని కలుస్తాయి, కొన్ని ఆ రెండు పేర్లూ చూసి గందరగోళపడి వెనక్కి తగ్గుతాయి. 2.4 పేరుకు మాత్రం డబ్ల్యూపీఏ2 పర్సనల్, ఏఈఎస్ పెట్టండి. 5 పేరుకు డబ్ల్యూపీఏ3 అలాగే ఉంచండి. పక్కనే ‘ప్రొటెక్టెడ్ మేనేజ్‌మెంట్ ఫ్రేమ్స్’ అనో పీఎంఎఫ్ అనో ఇంకో గడి ఉంటుంది. దాంట్లో ‘రిక్వైర్డ్’ ఉంటే ‘ఆప్షనల్’ గానీ ‘కేపబుల్’ గానీ చేయండి. తాళం డబ్ల్యూపీఏ2కు మార్చి ఈ గడి చూడక తలపట్టుకునేవాళ్లు చాలామంది. 802.11ఆర్, ఫాస్ట్ రోమింగ్ అన్నది కనిపిస్తే 2.4లో అదీ ఆపేయండి.

ఎన్‌క్రిప్షన్ గడిలో ఏఈఎస్‌కు ముందటి పాత పద్ధతి ‘టీకేఐపీ’ కనిపిస్తే దాని జోలికి వెళ్లకండి. అది పెట్టిన నెట్‌వర్క్‌లో వేగం 54 మెగాబిట్లు దాటదు. టీకేఐపీతో ఎన్ వేగాలు ఇవ్వకూడదన్నది నియమం. ‘నెట్ ఒక్కసారిగా నత్తనడక అయింది’ అని కంప్లయింట్ పెట్టే ముందు ఈ గడి ఒకసారి చూసుకోవాలి.

పాస్‌వర్డ్‌లో కూడా పేచీ ఉంటుంది. 8 నుంచి 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు, కానీ పాత ప్రింటర్ తెర మీద బాణం బటన్లతో ఒక్కో అక్షరం ఎంచుకునేటప్పుడు అంత పొడవు నరకం. సున్నాకు, ఇంగ్లిష్ ఓ అక్షరానికి ఆ చిన్న తెర మీద తేడా తెలియదు. ఒకటికీ, చిన్న ఎల్‌కూ అంతే. డాలర్, యాంపర్‌శాండ్ గుర్తులు కొన్ని తెరల్లో ఉండనే ఉండవు. 2.4 పేరుకు 14, 16 అక్షరాల పాస్‌వర్డ్ పెట్టండి. చిన్న అక్షరాలు, 2 నుంచి 9 వరకు అంకెలు మాత్రమే వాడండి. పొడవే బలం ఇస్తుంది, గుర్తులు లేకపోయినా నష్టం లేదు.

విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఇంకా నడుస్తుంటే, సర్వీస్ ప్యాక్ 3 వేసి ఉందో లేదో చూడండి. డబ్ల్యూపీఏ2 దాంతోనే చేరింది. ప్యాక్ 2 మీద అదనపు ప్యాచ్ వేస్తే తప్ప రాదు.

కలిసినట్టే చూపి నెట్ రాకపోతే

వస్తువు ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) 169.254తో మొదలైతే రూటర్ దానికి అడ్రస్ ఇవ్వలేదని అర్థం. పాత రూటర్ ఉన్న రోజుల్లో ఎవరో దాంట్లో చేత్తో అడ్రస్ రాసిపెట్టి ఉండొచ్చు, అప్పుడైతే అది 169.254 కాకుండా పాత రూటర్ వరుసలోని అంకె చూపిస్తుంది. పాతది 192.168.1 వరుస, కొత్తది 192.168.29 వరుస అయితే ఆ అడ్రస్ ఇక్కడ చెల్లదు. ‘ఆటోమేటిక్’ లేదా డీహెచ్‌సీపీకి (రూటరే అడ్రస్ పంచే పద్ధతికి) మార్చండి. రూటర్‌లో మ్యాక్ ఫిల్టర్ (ప్రతి వస్తువుకూ ఉండే హార్డ్‌వేర్ నంబరు చూసి ఆపే ఏర్పాటు) ఆన్‌లో ఉందేమో కూడా చూడండి.

అడ్రస్ బాగానే వచ్చి సైట్లు తెరుచుకోకపోతే, గూగుల్ వచ్చి మిగతావి రాకపోతే, తప్పు వైఫైది కాదు. తేదీ చూడండి. పాత డెస్క్‌టాప్ మదర్‌బోర్డు మీద సీఆర్2032 బ్యాటరీ అయిపోతే, ఆపి ఆన్ చేసినప్పుడల్లా గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. ఆ తేదీ ప్రకారం సైట్ల సర్టిఫికెట్లు (సైటు అసలుదేనని చెప్పే డిజిటల్ పత్రాలు) ఇంకా పుట్టనే లేదు, బ్రౌజర్ ఒప్పుకోదు. కిరాణా కొట్లో కూడా దొరికే ఆ బిళ్ల బ్యాటరీ మార్చి, తేదీ సరిచేస్తే పోతుంది. పాత ఆండ్రాయిడ్ ఫోన్లది వేరే కథ. 7.1.1 కన్నా పాత వెర్షన్లలో, చాలా సైట్లకు సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ మూల సర్టిఫికెట్ లేదు. అవి నమ్మే పాత మూల సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబర్ 30తో ముగిసింది, వాటికోసం చేసిన తాత్కాలిక ఏర్పాటు 2024లో తీరింది. ఫైర్‌ఫాక్స్ తన సర్టిఫికెట్లు తనే వెంట తెచ్చుకుంటుంది కాబట్టి, ఆ ఫోన్‌కు సరిపడే వెర్షన్ దొరికితే దాంట్లో సైట్లు తెరుచుకుంటాయి. అయితే అలాంటి ఫోన్‌లో బ్యాంకు పనులు పెట్టుకోవద్దు. పాటలకు, గోడ గడియారానికి, సీసీ కెమెరా చూడటానికి వాడుకోండి.

ప్రింటర్లు, ప్లగ్గులు

తెర లేని ప్రింటర్‌కు, పాస్‌వర్డ్ కొట్టకుండానే కలిపే డబ్ల్యూపీఎస్ బటన్ దిక్కు. రూటర్ మీద ఆ బటన్ నొక్కిన 2 నిమిషాల్లోపు ప్రింటర్ మీద వైఫై బటన్ నొక్కిపట్టాలి. తాళం డబ్ల్యూపీఏ3 అయినా, పేరు దాచిపెట్టినా డబ్ల్యూపీఎస్ పనిచేయదు. రూటర్‌లో ‘డబ్ల్యూపీఎస్ పిన్’ అని ఉండేది మాత్రం ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంచండి. అది 8 అంకెలే అయినా రెండు ముక్కలుగా సరిచూసుకుంటుంది కాబట్టి 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుంది. పని అయ్యాక బటన్‌ను కూడా ఆపేస్తే మంచిది.

ప్రింటర్ వైఫైకి కలిసి, లైటు నిలిచిపోయి, కంప్యూటర్‌లో మాత్రం ఆఫ్‌లైన్ అంటుంటే, కంప్యూటర్ ఇంకా పాత అడ్రస్‌కే కాగితాలు పంపుతోందని అర్థం. ప్రింటర్ నుంచి కాన్ఫిగరేషన్ పేజీ ప్రింట్ తీయండి. దాని మీద కొత్త ఐపీ అడ్రస్, మ్యాక్ అడ్రస్ ఉంటాయి. రూటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ కిందకు వెళ్లి ఆ మ్యాక్‌కు ఆ ఐపీని కట్టిపడేయండి. తర్వాత కంప్యూటర్‌లో పాత ప్రింటర్‌ను తీసేసి, ఐపీ అడ్రస్ ఇచ్చి మళ్లీ చేర్చండి. ఈ రిజర్వేషన్ చేయకపోతే కరెంటు పోయి వచ్చిన ఏదో ఒక రోజు అడ్రస్ మారి, సరిగ్గా హాల్ టికెట్ ప్రింట్ తీయాల్సిన పూట ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటుంది. ఒకటి మాత్రం చేయకండి: ప్రింటర్‌ను గెస్ట్ నెట్‌వర్క్‌లో (అతిథులకోసం రూటర్ ఇచ్చే వేరే వైఫైలో) పెట్టొద్దు. అక్కడి వస్తువులు ఇంటి నెట్‌వర్క్‌లోని ఫోన్లకు కనబడవు.

స్మార్ట్ ప్లగ్గులు, బల్బుల్లో ఎక్కువగా ఉండే ఈఎస్‌పీ8266 లాంటి చిప్‌లు 2.4 తప్ప ఇంకో బ్యాండ్ వినవు. సెటప్ అయ్యేదాకా ఫోన్‌ను కూడా ‘ఇల్లు24’కే కలిపి ఉంచండి. మొబైల్ డేటా, వీపీఎన్ ఆపండి, యాప్‌కు లొకేషన్ అనుమతి ఇవ్వండి. ప్లగ్ బటన్ ఐదారు సెకన్లు నొక్కిపడితే లైటు గబగబా మిణుకుతుంది. అప్పుడూ కుదరకపోతే మళ్లీ నొక్కిపట్టండి. చాలా ప్లగ్గుల్లో లైటు నెమ్మదిగా మిణకడం మొదలవుతుంది, అంటే అది తనే ఒక చిన్న వైఫై పేరు ప్రసారం చేస్తోందన్నమాట. ఫోన్‌ను ఆ పేరుకు కలిపి, యాప్‌లోకి తిరిగి వచ్చి ముగించాలి. మొదటి పద్ధతి విఫలమైన చోట రెండోది తరచూ పనిచేస్తుంది.

అటక మీది రూటర్‌కు కొత్త పని

కొన్ని కంపెనీల డబ్బాల్లో సెట్టింగులు తాళం వేసి ఉంటాయి, రెండు పేర్లు పెట్టుకోనివ్వవు. ఇంకొన్నిసార్లు 2.4లో ఏం మార్చినా పాత వస్తువుకు నచ్చదు. అలాంటప్పుడు పాత రూటర్‌ను దించి, దాన్ని పాత వస్తువులకోసమే పెట్టడం మేలైన పని. కావలసింది ఒక క్యాట్5ఈ కేబుల్, అరగంట సమయం.

1. పాత రూటర్ వెనక చిన్న కన్నంలో పిన్నుతో 10 సెకన్లు నొక్కి రీసెట్ చేయండి. దాన్ని కంప్యూటర్‌కు మాత్రమే కేబుల్‌తో కలపండి, కొత్త రూటర్‌కు ఇప్పుడే వద్దు.
2. దాని లాన్ అడ్రస్‌ను (ఇంటి లోపలి నెట్‌వర్క్‌లో దాని అడ్రస్‌ను) కొత్త రూటర్ వరుసలోకి మార్చండి. కొత్తది 192.168.1.1 అయితే పాతదానికి 192.168.1.2. ఆ అంకె కొత్త రూటర్ పంచే అడ్రస్‌ల పరిధిలో ఉండకూడదు. కొత్తది 100 నుంచి 200 దాకా పంచుతుంటే 2 క్షేమం.
3. పాతదానిలో డీహెచ్‌సీపీ సర్వర్ ఆపేయండి. ఇది మర్చిపోతే ఒకే ఇంట్లో ఇద్దరు అడ్రస్‌లు పంచుతారు. కొన్ని ఫోన్లకు నెట్ వస్తుంది, కొన్నిటికి రాదు, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు.
4. వైఫై పేరు వేరేది పెట్టి, డబ్ల్యూపీఏ2 ఏఈఎస్, బీ/జీ/ఎన్, 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. కొత్త రూటర్ 2.4లో ఛానల్ 1లో ఉంటే దీన్ని 6లోనో 11లోనో పెట్టండి.
5. ఇప్పుడు కేబుల్ ఒక చివర కొత్త రూటర్ లాన్ పోర్టుకు, ఇంకో చివర పాతదాని లాన్ పోర్టుకు పెట్టండి. బయటి నెట్ అందుకునే, రంగు వేరుగా ఉండే వాన్ పోర్టు ఖాళీగానే ఉండాలి.

లాన్ పోర్టు ఉన్న పాత టీవీకో డెస్క్‌టాప్‌కో అసలు ఇవేవీ అవసరం లేదు, కేబుల్ లాగడమే ఉత్తమం. కేబుల్ లాగలేని గదిలో ఉంటే క్లయింట్ మోడ్ ఉన్న చిన్న రూటర్ కొనండి. అది ఇంటి వైఫైని తను అందుకుని, కేబుల్ ద్వారా టీవీకి ఇస్తుంది. టీవీకి వైఫై మాటే తెలియనవసరం లేదు.

వెప్ తప్ప ఏదీ రాని వస్తువులు

2004లో వచ్చిన నింటెండో డీఎస్‌కు వెప్ ఒక్కటే వచ్చు. సోనీ పీఎస్‌పీ 802.11బీ మాత్రమే, డబ్ల్యూపీఏ దాకానే వెళ్లగలదు, డబ్ల్యూపీఏ2 రాదు. ఇలాంటి ఒక్క బొమ్మకోసం ఇంటి రూటర్ తాళాన్ని వెప్‌కు దించడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. వెప్‌ను మామూలు లాప్‌టాప్‌తో నిమిషాల్లో విప్పొచ్చు. అసలు అవసరముందో లేదో కూడా చూసుకోండి, డీఎస్ అధికారిక ఆన్‌లైన్ సేవ 2014 మే నెలలోనే ఆగిపోయింది.

తప్పదనుకుంటే పైన చెప్పిన లాన్ టు లాన్ పద్ధతి ఇక్కడ పనికిరాదు. వెప్ తాళం విప్పినవాడు నేరుగా మీ ఇంటి నెట్‌వర్క్‌లోనే దిగుతాడు. పాత రూటర్ వాన్ పోర్టును కొత్తదానికి కలిపినా అంతే, లోపలి నుంచి బయటి వైపు దారి తెరిచే ఉంటుంది. పాత రూటర్‌లో డబ్ల్యూఐఎస్‌పీ మోడ్ (ఇంకో వైఫై నుంచి నెట్ అందుకునే ఏర్పాటు) ఉంటే దాన్ని కొత్త రూటర్ గెస్ట్ నెట్‌వర్క్‌కు వైఫైతో కలపండి, గెస్ట్‌లో ఐసోలేషన్ (వస్తువులు ఒకదాన్నొకటి చూడకుండా ఆపేది) ఆన్ చేయండి. అప్పుడు దొంగ దిగినా గెస్ట్ గది దాటలేడు. వెప్ కీ సరిగ్గా 5 గానీ 13 గానీ అక్షరాలు ఉండాలి, హెక్స్‌లో అయితే 10 లేదా 26. ఒక్కటి తక్కువైనా ఒప్పుకోదు. ఆట అయిపోగానే ఆ రూటర్ స్విచ్ కట్టేయండి.

వేగం సంగతి

802.11బీ వస్తువు ఒకటి గాలిలో ఉంటే పక్కవాటికీ కాస్త నష్టమే. 1,500 బైట్ల ప్యాకెట్ 54 మెగాబిట్లతో వెళ్తే 0.22 మిల్లీసెకన్లు పడుతుంది. అదే 1 మెగాబిట్‌తో వెళ్తే 12 మిల్లీసెకన్లు. అంతసేపూ అదే ఛానల్‌లోని మిగతావన్నీ నోరు మూసుకుని ఆగాలి. టీవీ, ఫోన్లు ‘ఇల్లు5’లో ఉంటే ఈ గొడవ వాటికి తగలదు. బీ వస్తువు ఇంట్లో ఒక్కటీ లేకపోతే 2.4 మోడ్‌ను ‘జీ/ఎన్’కు మార్చండి. ఆ తర్వాత ప్లగ్గో ప్రింటరో ఏదైనా మాయమైతే, మళ్లీ ‘బీ/జీ/ఎన్’కు తీసుకొచ్చి అలాగే వదిలేయండి.